మస్తాన్‌బీ మేడం నవలలో పోయిన మాట

ఈ వ్యాసం ఎవరి కోసం

ప్రచురణ రంగంలో కొత్తగా చేరిన కొందరు యువతీయువకులు ఇటీవల మా ఇంటికి వచ్చి, "పుస్తకాల సంపాదకత్వం అంటే అసలు ఏం చేయాలి?" అని అడిగారు. తప్పులు దిద్దాలని చెబితే సరిపోయేది. అయితే ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. నా ఉద్యోగ జీవితమంతా కర్నూలులోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో గడిచింది. మేము అచ్చువేసినవి బస్టాండు అంగళ్ళలో అమ్ముడయ్యే అపరాధ పరిశోధన నవలలు, పిల్లల కథల పుస్తకాలు. నేను ఎప్పుడు ఏ హోదాకు చేరానో ఇక్కడ రాయను. అది ఎవరికీ ఉపయోగపడదు. ఒక రచయిత్రి గురించి, ఒక యజమాని గురించి, వారిద్దరి మధ్య పోయి దొరికిన ఒక మాట గురించి రాస్తాను. పని ఏమిటో మీకే తెలుస్తుంది.

నా పేరు చౌడేశ్వరి. మాది మైదుకూరు దగ్గర చేనేత కుటుంబం. మా ఇంట్లో కళాశాల మెట్లు ఎక్కిన మొదటిదాన్ని నేనే. పుస్తకాల తెలుగు నేను కష్టపడి నేర్చుకున్నాను. నేర్చుకున్నది జారిపోకుండా ఉండాలని సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కూడా అదే మాట్లాడేదాన్ని. మగ్గం గుంతలో కూర్చున్న మా నాన్న తల ఎత్తకుండా నేసుకుంటూ పోయేవాడు. కండెలు చుడుతున్న మా అమ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమే చౌడీ, ఇంట్లో గూడా రేడియో మాదిరి మాట్లాడ్తాండావేమే? వార్తలు అయిపోయినాంక చెప్పు, అన్నం పెడ్తా" అనేది.

అమ్మ నవ్వితే నాకు కోపం వచ్చేది. ఇంటి మాటను పుస్తకాల మాటగా మార్చడమే చదువు అని నేను అప్పట్లో నమ్మాను. ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికినప్పుడు, ఈ పనికే పుట్టానని కూడా అనుకున్నాను.

బద్వేలు పంతులమ్మ

మస్తాన్‌బీ మేడం బద్వేలులో బాలికల పాఠశాలలో తెలుగు పండితురాలు. ఆమె తండ్రి పోరుమామిళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో గాజులు అమ్మేవారు. చిన్నతనంలో ఆమె తండ్రి వెంట ఊరూరా తిరిగారు. గాజులు తొడిగేటప్పుడు ఆడవాళ్ళు కదలకుండా కూర్చోవాలి. కదలకుండా కూర్చున్నవాళ్ళు మాట్లాడక తప్పదు. కాబట్టి ఏ ఊళ్ళో ఏ మాట ఎలా పలుకుతారో ఆమెకు అక్షరాలు రాకముందే తెలిసిపోయింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో కడప తెలుగు, బడిలో ఛందస్సు. ఈ మూడింటినీ ఆమె ఒకదానితో ఒకటి కలిపేయలేదు, ఒకదానికోసం మరొకదాన్ని వదులుకోలేదు. నేను ఆమెను మొదట మెచ్చుకున్నది ఇందుకే.

ఆమె రాతప్రతులు వాడేసిన పరీక్ష కాగితాల వెనకవైపు పెన్సిలుతో రాసి వచ్చేవి. పిల్లల కథ ఒకటి, నవల ఒకటి, మళ్ళీ పిల్లల కథ. వేసవి సెలవుల్లో అయితే మేము ఒకటి అచ్చువేసేలోపు మరొకటి బస్సులో వచ్చి పడేది. తెల్లవారుజామున లేచి, నమాజు ముగించి, బడి గంటకు ముందు రాసేవారు. "రాత్రి రాస్తే హంతకులందురూ మంచోళ్ళ మాదిరి అగపడ్తారమ్మా, నిద్రమత్తులో ఇడిసిపెట్టేస్తా" అనేవారు.

ఆమె నవలల్లో నేరాన్ని పట్టేది పోలీసు కాదు. బద్వేలు నుంచి కర్నూలుకు తిరిగే బస్సులో కండక్టరుగా పనిచేసే నారాయణమ్మ. ఆమెకు భూతద్దం లేదు, తుపాకి లేదు. ఉన్నదల్లా చెవులు. ప్రయాణికుడు టిక్కెట్టు అడిగిన తీరును బట్టి అతడు ఏ ఊరివాడో, చెప్పిన ఊరికి నిజంగా వెళుతున్నాడో లేదో ఆమె కనిపెడుతుంది. "కండక్టరు కంటే ఎక్కువ మంది అబద్ధాలు ఇన్న్యోళ్ళు ఎవరుంటారు చెప్పు? ప్రతోడూ తన పిల్లోనికి ఐదేండ్లు నిండలేదనే అంటాడు" అని మేడం వాదన.

మొదటి రాతప్రతి చదివినప్పుడు పక్కన ఒక ప్రశ్న రాసి పంపాను: "ఉండాది అన్నచోట ఉంది అని మార్చవచ్చునా?" ఆ వారమే ఆమె కర్నూలు వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. సాదా నూలు చీర, తలమీదుగా చెంగు, చేతిలో గుడ్డసంచి.

"చౌడమ్మా, 'ఉండాది' ఎవరు అన్న్యారు ఈడ?"

"పాలు పోసే ఆమె అండీ."

"ఆమె నీకు పాలు పోస్తే ఏమంటాది?"

"'పాలు ఉండాయి, గిన్నె తేమ్మా' అంటుంది."

"మరి నా నవల్లోకి వచ్చేసరికి ఆమె ఏంటికి పట్టుచీర కట్టుకోవల్ల?"

ఆమె నవ్వి, అదే రాతప్రతిలో వేరొక పుటలో తాను చేసిన సంధి దోషాన్ని చూపించి, "దీన్ని ఇడిసిపెట్టినావే! ఇది కథ చెప్పే నోటిది, పాలామెది గాదు. దీన్ని దిద్దు" అన్నారు. సంపాదకత్వంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. కథ చెప్పే గొంతులో తప్పు ఉంటే దిద్దండి. పాత్ర నోరు తెరిచినప్పుడు ముందు వినండి.

ఆమె రచనల్లో లోపాలు లేవని నేను అనను. ప్రేమ సన్నివేశాలు ఆమెకు చేతకావు. ప్రతి నవలలోనూ రమేష్ అనే యువకుడు ఉంటాడు. అతడు అమ్మాయికి మల్లెపూలు ఇస్తాడు, తర్వాత కథలో అతడి ఊసే ఉండదు. ఒకసారి, మూడో అధ్యాయంలో పాముకాటుతో చనిపోయిన పెద్దమనిషి ఏడో అధ్యాయంలో పంచాయతీకి వచ్చి కూర్చున్నాడు. నేను ఫోన్ చేసి చెబితే ఆమె, "చచ్చినోడు వచ్చినా పంచాయతీలో ఎవురూ గమనించలేదంటే, ఊర్లో ఆయనకు అంత ఇలువ ఉండాదన్నమాట. తీసెయ్‌లేమ్మా" అన్నారు. తన తప్పు ఎవరు చూపించినా ఆమె ముఖం మాడ్చుకోవడం నేను చూడలేదు.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆమె అణువంత కూడా వంగేవారు కాదు. నారాయణమ్మ చెవికి వినిపించినదంతా పాఠకుడి చెవికీ వినిపించాలి. హంతకుణ్ణి పట్టే ఆధారం కథలో ముందే, అందరి ఎదుటే ఉండాలి. ఆమె ప్రతి నవల మొదటి పుటలో ఈ మాట అచ్చువేయించేవారు: 'నారాయణమ్మ విన్నదే మీరూ వింటారు. ఆమెకంటే ముందు మీరే పట్టుకోవచ్చు.' పట్టణంలో పెద్ద పండితులు కొందరు, పద్యాలు నేర్పే మనిషి బస్టాండు నవలలు రాయడమేమిటని ఆక్షేపించేవారు. నా దృష్టిలో ఆమె పాఠకుడికి ఇచ్చిన గౌరవం వారిలో చాలామంది తమ శ్రోతలకు ఇవ్వలేదు.

నాగభూషణం గారు

మా యజమాని నాగభూషణం గారిది గుంటూరు ప్రాంతం. వ్యాపారరీత్యా కర్నూలుకు వచ్చి స్థిరపడ్డారు. నా పేరు ఆయన నోటికి గట్టిగా తగిలేదేమో, మొదటి రోజునుంచే "ఈశ్వరి గారూ" అని పిలిచేవారు. ఆయన గురించి నిజం చెప్పాలి. ఆయన మంచివారు. తాను ప్రచురించే పుస్తకాలను ఇష్టంగా చదివేవారు. ఇది మన రంగంలో అందరు యజమానులలోనూ కనిపించే గుణం కాదు. మస్తాన్‌బీ మేడం పిల్లల కథలు చదువుతూ తన గదిలో ఒంటరిగా నవ్వుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

ఆయన బలహీనత ఒక్కటే. పుస్తకం ఎంత దూరం వెళితే అంత గొప్పదని అనుకునేవారు. కోస్తా జిల్లాల్లో పుస్తకాలు సరఫరా చేసే ఒక వ్యాపారి, "మీ కండక్టరమ్మ బాగానే ఉందండీ, కానీ ఆ భాష మా వాళ్ళకి కాస్త అడ్డం వస్తోంది" అన్నాడట. ఆ మాట నాగభూషణం గారి మనసులో పడి మొలకెత్తింది.

ఆ సమయంలో మేడం కొత్త నవల ఇచ్చారు. అంత చక్కగా అల్లిన కథ ఆమె కూడా అంతకుముందు రాయలేదు. బద్వేలులో ఆస్తి ఉన్న ఒక ముసలాయన హత్యకు గురవుతాడు. ఏళ్ళ క్రితం ఇల్లు విడిచి వెళ్ళిన మేనల్లుణ్ణి అంటూ ఒక మనిషి దిగుతాడు. తాను అదే ఊళ్ళో పుట్టి పెరిగానని, ఈమధ్యే తిరిగి వచ్చానని చెబుతాడు. అందరూ నమ్ముతారు. అయితే అతడు వచ్చిన బస్సు ఆళ్ళగడ్డలో ఆగినప్పుడు, కిటికీలోంచి చేయి చాచి, "ఓయ్, బుడ్డలు ఇట్లియ్యి" అని కొనుక్కుంటాడు. కర్నూలు వైపు వేరుశనగకాయలను బుడ్డలంటారు. బద్వేలు మనిషి నోటికి ఆ మాట రాదు, శెనక్కాయలంటాడు. మొదట్లో ఎవరికీ పట్టని ఆ ఒక్క మాటతోనే చివరలో నారాయణమ్మ అతణ్ణి పట్టుకుంటుంది.

నేను ప్రూఫులు దిద్ది ఇచ్చి, మా అమ్మకు కంటి శస్త్రచికిత్స ఉంటే మైదుకూరు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పుస్తకం అచ్చయి బస్టాండ్లకు వెళ్ళిపోయింది.

మంగంపేట నుంచి ఫోను

పుస్తకం వెనకవైపు మా కార్యాలయం ఫోన్ నంబరు ఉండేది. మొదటి ఫోను మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసే ఒక పాఠకుడి నుంచి వచ్చింది. నారాయణమ్మ నవలల్లో దేన్నీ వదలకుండా చదివిన మనిషి.

"అమ్మా, ఒగటి అడగల్ల. నారాయణమ్మ వాన్ని ఎట్ల పట్టుకునింది?"

"చివరి అధ్యాయంలో ఉందండీ."

"చదివినాలేమ్మా. చదివి మల్లా చదివినా. నాకే తిక్క పట్టిందేమోనని మా ఇంట్లో ఆడమనిషితో గూడా చదివిచ్చినా. ఆమె నన్ను జూసి నగుతాంది. మీరే ఒగసారి పైకి చదవండి, నేను ఇంటా."

నేను పుస్తకం తెరిచి ఫోనులోనే చదవడం మొదలుపెట్టాను. నారాయణమ్మ హంతకుడితో అంటున్న మాట ఇలా అచ్చయి ఉంది: 'ఆ పొద్దు బస్సులో నువ్వు వేరుశనగకాయలన్నావు. బద్వేల్లో పుట్టినోడు ఎవడూ వేరుశనగకాయలనడు. వేరుశనగకాయలు అంటాడు!'

ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాను.

"ఇంటాండారా అమ్మా? ఇప్పుడు చెప్పండి. ఎవురికి తిక్క?"

జరిగింది ఇది. నాగభూషణం గారు మొదటి అధ్యాయాలు మరోసారి చదివి, డీటీపీ ఆపరేటరును పిలిచి, బుడ్డలు అన్నా శెనక్కాయలు అన్నా వేరుశనగకాయలు అని మార్చమన్నారు. ఆపరేటరు కంప్యూటరుకు ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు. పుస్తకమంతటా రెండు మాటలూ ఒకటైపోయాయి. యువ మిత్రులారా, ఒక్క ఆజ్ఞతో అంతటా మార్చే సౌకర్యం మీ బల్లమీద కూడా ఉంటుంది. దాన్ని వాడే ముందు, ఆ మాట ఆ పుస్తకంలో ఏ పనికి కుదిరిందో తెలుసుకోండి. కొన్ని మాటలు గోడకు వేసిన రంగు వంటివి. మార్చినా గోడ నిలబడుతుంది. కొన్ని దూలాలు.

మేడం రావడం

రెండు రోజులు గడవకముందే మస్తాన్‌బీ మేడం వచ్చారు. నేరుగా నాగభూషణం గారి గదిలోకి వెళ్ళి, గుడ్డసంచిలోంచి పుస్తకం తీసి బల్లమీద పెట్టారు. నన్ను కూడా పిలిచారు.

"రండి రండి మేడం, టీ చెప్తానుండండి" అన్నారు ఆయన.

"టీ తర్వాత తాగుదాం సార్. ఈ వాక్యానికి సందర్భసహిత వ్యాఖ్య చెప్పండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"అంటే... నేను చివరిదాకా చూడలేదండీ. బుడ్డలంటే మా వైపు సారా బుడ్డీలనుకుంటారు. బస్సులో ఆడవాళ్ళందరి ముందూ పెద్దమనిషి కిటికీలోంచి చెయ్యి పెట్టి బుడ్డీలు కొన్నాడంటే మరీ అసహ్యంగా ఉంటుందేమోనని..."

"పెద్దమనిషి గాదు సార్ వాడు. ముసిలాయన్ని చంపొచ్చినాడు."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు. నాగభూషణం గారు హడావుడిగా కాగితం తీసి, "తప్పొప్పుల పట్టిక వేద్దాం. ఒక చీటీ అచ్చువేసి ప్రతి పుస్తకంలోనూ పెట్టిద్దాం. ఈశ్వరి గారూ, రాయండి. ఫలానా పుటలో వేరుశనగకాయలు అన్నచోట బుడ్డలు అని చదువుకోగలరు..." అన్నారు.

"ఆ చీటీ యాడ పెడతారు సార్?" అని మేడం అడిగారు.

"మొదటి పుటలోనే!"

"ఆ మాట మింద అంత గురి పెట్టి చూపిస్తే, హంతకుడి పేరు అట్టమింద అచ్చేసినట్లే గదా."

"సరే, చివర పెడదాం."

"చదివేసినోనికి చివర చీటీ పెడ్తే ఏం లాభం? దొంగ పోయినాంక కుక్క అరిచినట్ల ఉంటాది."

"పోనీ, పుస్తకం మళ్ళీ అచ్చువేస్తాను, మీ మాటలు మీకు పెట్టేస్తాను."

"ఏయండి. కొత్తగా కొనేటోళ్ళకు అది న్యాయమే. ఇప్పుటికే కొన్న్యోళ్ళ సంగతి? వాళ్ళకు హంతకుడెవరో తెలిసిపాయె. తెలిసినోన్ని మల్లా పట్టుకోమంటే ఎవురు పట్టుకుంటారు?"

అప్పుడు ఆమె లేచి నిలబడి, నెమ్మదిగా చెప్పారు. బడిలో పాఠం చెప్పే స్వరమే అది.

"నారాయణమ్మ ఇన్న్యదే మీరూ ఇంటారని నేను వాళ్ళకు మాటిచ్చినా సార్. ఇన్నేండ్లల్లో ఎప్పుడూ తప్పలేదు. ఈ పొద్దు తప్పినా. మీరు చేసిన్యారని వాళ్ళకు తెలీదు. అట్టమింద ఉండేది నా పేరు. వాళ్ళ బాకీ తీర్చే దారి దొరికేదాక ఇంగో అక్షరం రాయను."

ఆమె కోపం తగ్గుతుందని నాగభూషణం గారు ఎదురుచూశారు. అది కోపం కాదని నాకు తెలుసు. వేసవి సెలవులు వచ్చాయి, వెళ్ళాయి. బద్వేలు బస్సులో ఏ రాతప్రతీ రాలేదు. తెల్లవారుజామున ఆమె లేస్తున్నారా, లేచి ఏం చేస్తున్నారు అని నేను చాలాసార్లు అనుకున్నాను. అంతగా రాసిన మనిషి రాయడం మానేస్తే మళ్ళీ మొదలుపెట్టలేకపోవచ్చు. నాకు ఆ భయమే పట్టుకుంది. మంచి పుస్తకాలు ఎన్నో చూసే ఉద్యోగంలో ఒక రచయిత్రి చేయి ఆగిపోవడం చూడటంకన్నా పెద్ద నష్టం లేదు. బడి తెరిచాక, ఎవరికీ చెప్పకుండా బద్వేలు బస్సు ఎక్కాను.

పిల్లలు పెట్టిన పరీక్ష

నేను వెళ్ళేసరికి మధ్యాహ్న భోజన విరామం. మేడం తరగతి గదిలోనే ఉన్నారు. ఆడపిల్లలు ఆమె కుర్చీ చుట్టూ నేలమీద కూర్చుని, ఉడకబెట్టిన కాయలు ఒలుచుకుని తింటూ కబుర్లు చెబుతున్నారు. నన్ను చూసి మేడం సంతోషించారు. రాయడం గురించి అడిగితే, "దారి దొరకలేదులే చౌడమ్మా" అని మాత్రం అన్నారు. నేను నచ్చజెప్పాలని దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ ఆ ఒక్క మాటతో పనికిరాకుండా పోయాయి.

ముందు వరుసలో కూర్చున్న జడల పిల్ల లేచి దోసిలి నిండా కాయలు నా ముందు పెట్టింది. నేను మర్యాదగా, "వద్దమ్మా, నేను ఇప్పుడు వేరుశనగకాయలు తినను" అన్నాను.

తరగతి మొత్తం ఒక్కసారిగా గొల్లుమంది.

"ఓయబ్బో! వేరుశనగకాయలంట!"

"మేడం, ఈయమ్మ యా ఊరు?" అని జడల పిల్ల అడిగింది.

"మైదుకూరే" అన్నారు మేడం.

"అబద్ధం మేడం! మైదుకూరు మా అవ్వోళ్ళూరు. ఆడ ఎవురూ అట్లనరు. ఈయమ్మ మన పక్క మనిషి గాదు!"

"మైదుకూరేనమ్మా నాది" అన్నాను. నా గొంతులో సంజాయిషీ నాకే వినిపించింది.

"యాడో పట్నంలో పుట్టి, ఊరికే మైదుకూరని చెప్తాండాది" అని ఇంకొక పిల్ల తీర్పు చెప్పింది.

మగ్గం ఇంట్లో పుట్టి, శెనక్కాయలు బెల్లంతో తింటూ పెరిగినదాన్ని, పన్నెండేళ్ళ పిల్లల ముందు నా ఊరిని నిరూపించుకోలేకపోయాను. సాయం కోసం మేడం వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. ఆ జడల పిల్లను చూస్తున్నారు. చేతిలో సగం ఒలిచిన కాయ అలాగే ఉండిపోయింది.

"గంట కొట్టేదాక ఎవురూ మాట్లాడొద్దండి" అన్నారు పిల్లలతో. మేజామీద పరీక్ష కాగితం ఒకటి తిప్పి, పెన్సిలు అందుకున్నారు. నేను వచ్చిన సంగతి కూడా ఆమె మరిచిపోయినట్టున్నారు. పలకరించకుండా బయటికి వచ్చి, తిరుగు బస్సు ఎక్కాను. నాకు కావలసింది నేను చూశాను.

ప్రూఫు చదివిన మధ్యాహ్నం

ఆ తర్వాత జరిగినది ముందుగా క్లుప్తంగా చెప్పేస్తాను. నవలను మేడం మాటలతోనే మళ్ళీ అచ్చువేశాము. దుకాణాల్లో మిగిలిన పాత ప్రతుల్లో ఆమె రాసిన చిన్న చీటీ పెట్టి, ఇదివరకే కొన్నవాళ్ళు చూసేలా అంగళ్ళ ముందు కూడా అతికించాము: 'ఈ నవలలో నారాయణమ్మ విన్న ఒక మాట మీకు వినిపించకుండా పోయింది. దానికి బదులు మరొక దొంగను మీకోసం పిల్లల పుస్తకంలో వదిలాను. ఈసారి అన్ని మాటలూ వినిపిస్తాయి.' పాత పాఠకులు చాలామంది పిల్లల పుస్తకం కొన్నారు. మంగంపేట పాఠకుడు ఫోన్ చేసి, తనకంటే ముందు ఇంట్లో ఆడమనిషే దొంగను పట్టేసిందని ఫిర్యాదు చేశాడు. మస్తాన్‌బీ మేడం పదవీవిరమణ తర్వాత కూడా రాస్తూనే ఉన్నారు. ఈ మధ్య వచ్చిన పుస్తకంలో రమేష్ ఇంకా మల్లెపూలు పట్టుకునే తిరుగుతున్నాడు.

నేను మరిచిపోలేనిది మాత్రం ఆ పిల్లల పుస్తకం ప్రూఫు చదివిన మధ్యాహ్నం. మేడం ఒకే ఒక షరతు పెట్టారు. ప్రూఫు నాగభూషణం గారే, పైకి, మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఆయన ఒప్పుకున్నారు. ఆయన కుర్చీలో ఆయన, ఎదురుగా మేడం, పక్కన రాతప్రతి పట్టుకుని నేను కూర్చున్నాము.

గుంటూరు నోటితో కడప మాటలు చదవడం ఆయనకు సులభం కాలేదు. "పోతాండావు" దగ్గర ఆగారు, "ఇట్లియ్యి" దగ్గర తడబడ్డారు. "శానా"ను చాలా అని చదివి, మేడం దగ్గితే వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నారు. కాసేపటికి ఆయనకు ఆ నడక పట్టుబడింది. తర్వాత హుషారు వచ్చింది. మేకలు కాసే అవ్వ మాటల దగ్గర గొంతు కూడా మార్చారు.

కథ ఇది. పోరుమామిళ్ళ సంతలో ఒక మేక తప్పిపోయి, కండక్టరు నారాయణమ్మ కూతురు బుజ్జికి దొరుకుతుంది. అది తనదేనంటూ ముగ్గురు వస్తారు. ముగ్గురూ చుట్టుపక్కల పల్లెలవాళ్ళమనే చెబుతారు. బుజ్జి ముగ్గురినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: మీ మేక ఏం తింటుంది?

నాగభూషణం గారు చదువుతున్నారు. "మొదుటి ఆయప్ప, 'మా మేక శెనక్కాయ తీగ తప్ప ఏమీ ముట్టదు పాపా' అన్న్యాడు. అవ్వ, 'శెనక్కాయ పొట్టు ఏస్తే యాడున్న్యా ఉరికొస్తాది' అనింది. మూడో ఆయప్ప మీసం దువ్వుకుంటా, 'నా మేకకు వేరుశనగ పొట్టంటే...'"

ఆయన ఆగారు. ఆ వరుసమీద వేలు పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, మమ్మల్ని చూశారు. మళ్ళీ కాగితం చూశారు. ఆ తర్వాత కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి నిలబడ్డారు.

"వీడే! మేడం, దొంగ వీడే! వీడు పోరుమామిళ్ళ వాడెలా అవుతాడండీ? వేరుశనగ అంటున్నాడు! ఈశ్వరి గారూ, చూశారా? వీడు మా గుంటూరు వాడు!"

పక్క గదిలోంచి డీటీపీ ఆపరేటరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. నాగభూషణం గారు అతడికి కూడా కాగితం చూపించి, దొంగను ఎలా పట్టారో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఆ ముఖంలో వెలుగు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మాటలు మార్చించిన మనిషి ఒక మాటను అంత ఇష్టంగా వినడం అదే మొదటిసారి చూశాను.

మేడం చేయి చాచి, ఆయన చేతిలోంచి కాగితాలు నెమ్మదిగా తీసుకున్నారు. రెండో పుట, మూడో పుట తిప్పి చూసుకుని, తల అడ్డంగా ఊపారు.

"ఏమైందండీ? చాలా బాగుంది కదా!" అన్నారు ఆయన.

"బాగుంటే సాలదు సార్. మీకే దొరికిపోయినాడంటే, మా బద్వేలు పిల్లోళ్ళు వీన్ని సంతలో అడుగు గూడా పెట్టనియ్యరు. ఇంగా లోపలికి దాచల్ల. మల్లా రాసుకొని వస్తా."

కాగితాలు గుడ్డసంచిలో పెట్టుకుని, బద్వేలు బస్సు ఎప్పుడుందని నన్ను అడిగి, ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టారు. నాగభూషణం గారు వరండా కటకటాల దాకా పరుగెత్తారు.

"మేడం! రాస్తే రాయండి కానీ, మా వాణ్ణి మాత్రం తీసెయ్యకండి!"

ఆమె వెనక్కి తిరగలేదు.

"దొంగను యాడ పెట్టల్నో నాకు తెల్సులే సార్, మీరు పోయి కూచోండి."